చుక్క విలువ

ఒక శనివారం మా లెక్కల సారు క్లాసులోనే అంగడి పెట్టారు. ఒక్కొక్కరికి యాభై రూపాయల కాగితం నోట్లు. అది దాటకుండా సరుకులు కొనాలి. అట్టముక్కల మీద ధరలు రాశారు. సబ్బు 12.5 అని ఉంటే నేను "పన్నెండు రూపాయల ఐదు పైసలు" అన్నాను. అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. "ఐదు పైసలైతే 12.05 రా. 12.5 అంటే పన్నెండున్నర" అని బోర్డు మీద రాసి చూపించారు.

తాతల కాలంలో రూపాయికి 16 అణాలనీ, 1957 ఏప్రిల్ 1 నుంచి 100 పైసలైనాయనీ, 2011 జూన్ 30 తర్వాత పావలా కూడా చెల్లలేదనీ చెప్పారు. పైసలే పోయినాక ఈ చుక్కతో మనకేం పని అనుకున్నాను.

సంక్రాంతి సెలవుల్లో తెలిసింది. నాయన పులికాట్‌లో పట్టిన రొయ్యలు సూళ్లూరుపేటకు తెస్తే నేనూ వెంట పోయినాను. కిలో 300 బేరం. కాటా మీద 2.450 పడింది. కొనే ఆయన "రెండు కిలోలు" అని ఆరు నూర్లు చేతిలో పెట్టాడు. నాకు గుండె దడదడలాడింది. అయినా "అయ్యా, చుక్క తర్వాత 450 గ్రాములు ఉండాయి. ఇంకా 135 రూపాయలు రావాల" అన్నాను. ఆయన నన్ను చూసి, కాటా చూసి, మాట్లాడకుండా ఇచ్చాడు.

దారిలో నాయన చాలాసేపు ఏమీ అనలేదు. బస్సెక్కేటప్పుడు మాత్రం "ఇన్నేళ్లలో ఎన్ని చుక్కలు పోయినాయో" అన్నాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! చుక్కే కదా అని వదిలేయకండి. దాని వెనకాల ఉండేది మన అమ్మానాయనల కష్టం.