ఆ హెడ్డింగ్ రాసింది నేనే

2008 జూలై. అప్పట్లో నేనొక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ పేజీ చూసే సబ్ ఎడిటర్‌ని. నైట్ డ్యూటీ. ఒక సాయంత్రం ఏజెన్సీ ఫొటోల్లో 'న్యూయార్కర్' మ్యాగజైన్ ముఖచిత్రం వచ్చింది. మీలో కొందరికి యాదుండే ఉంటుంది. వైట్‌హౌస్‌లోని ఓవల్ ఆఫీసు. ఒబామా తలకి పగిడీ, ఒంటి మీద పొడుగు జుబ్బా, కాళ్లకి చెప్పులు. పక్కన మిషెల్. మిలిటరీ ప్యాంటు, గుబురు జుట్టు, వీపున ఏకే-47. ఇద్దరూ పిడికిళ్లు తాకించుకుంటున్నారు. వెనక ఫైర్‌ప్లేస్‌లో అమెరికా జెండా కాలుతోంది. పైన గోడకి బిన్ లాడెన్ తస్వీర్.

డెస్కంతా నా కంప్యూటర్ చుట్టూ మూగింది. "భాయ్, మీవాడే కదా, నువ్వే రాయి" అన్నారొకరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ బొమ్మ నీచంగా ఉందని ఒబామా టీం అప్పటికే ప్రకటన ఇచ్చేసింది. ప్రత్యర్థి మెక్‌కెయిన్ టీం కూడా అవునంది. ఎలక్షన్ల వేళ ఆ ఇద్దరూ ఒక్కమాట మీదకి రావడమే పెద్ద ఖబర్. పది నిమిషాల్లో కాపీ రాసిచ్చేశాను. హెడ్డింగ్ 'ఒబామాకు ఘోర అవమానం'. దాని కింద 'ముస్లింగా చిత్రించిన అమెరికా పత్రిక'.

తెల్లారి నేను నిద్రలో ఉండగా మహబూబ్‌నగర్ నుంచి అబ్బా ఫోన్. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. తెలుగు నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతారు. కొడుకు పనిచేసే అఖ్బార్ అని ఫజర్ నమాజ్ అవగానే పేపర్ కోసం గుమ్మంలో కూర్చునేవారు.

"బేటా, యే ఓబామా వాలీ ఖబర్ తూ లిఖ్యా క్యా?"

"హౌ అబ్బా."

"ముసల్మాన్ బోలే తో గాలీ కబ్ సే హువా?"

ముస్లిం అనడం ఎప్పట్నుంచి తిట్టయింది అని. నిద్రమత్తు దెబ్బకి వదిలింది. అయినా సర్దిచెప్పబోయాను. అది తంజ్ అబ్బా, ఆ మ్యాగజైన్ వాళ్లు ఒబామాని ఎగతాళి చేయలేదు, ఆయన మీద అఫ్వాహ్‌లు పుట్టించేవాళ్లని ఎగతాళి చేశారు అని. అబ్బా అంతా విన్నారు. "మై మ్యాగజైన్ కా నై పూఛా. తేరా పూఛా" అని ఫోన్ పెట్టేశారు.

అబ్బాకి తంజ్ అంటే తెలీదని అనుకోకండి. మా ఇంట్లో 'శుగూఫా' పాత సంచికలు ట్రంకుపెట్టె నిండా ఉండేవి. 1968 నుంచి హైదరాబాద్‌లో ముస్తఫా కమాల్ సాబ్ నడిపిన ఉర్దూ హాస్యపత్రిక. బస్సు డ్యూటీ దిగొచ్చి చాయ్ తాగుతూ గట్టిగా చదివి, తనే ముందు నవ్వేసి, చివరి ముక్క మాకు వినపడకుండా చేసేవారు. 1877లో లక్నోలో మున్షీ సజ్జాద్ హుసేన్ మొదలుపెట్టిన 'అవధ్ పంచ్' గురించి స్కూల్లో మా ఉర్దూ ఉస్తాద్ చెప్పేవారు. అందులో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌ని ఎంత ఏడిపించారని! నేచరీ అన్నారు, అంగ్రేజీ మోజు అన్నారు. అందులో రాసిన అక్బర్ ఇలాహాబాదీయే, సర్ సయ్యద్ పోయాక ఆయన పనిని మెచ్చుకుంటూ షేర్ రాశారు. 2006లో డేనిష్ కార్టూన్ల గొడవ నడుస్తున్నప్పుడు ఆఫీసులో "మీవాళ్లకి జోకులు అర్థం కావు భాయ్" అని అన్నవాళ్లకి ఇవన్నీ చెప్పాలనిపించేది. చెప్పలేదు. డెడ్‌లైన్ టైంలో అవధ్ పంచ్ చరిత్ర ఎవరు వింటారు?

ఆ రోజు ఆఫీసుకెళ్లి బొమ్మ మళ్లీ చూశాను. గీసింది బారీ బ్లిట్. పేరు 'భయ రాజకీయం'. ఆ పేరు ముఖచిత్రం మీద లేదు, లోపల విషయసూచిక పేజీలో ఉంది. ఇందులో ఏదీ గాల్లోంచి పుట్టించింది కాదు. జూన్ మొదటివారంలో సభ వేదిక మీద ఆ దంపతులు పిడికిళ్లు తాకించుకుంటే, ఒక టీవీ యాంకర్ అది టెర్రరిస్టుల సైగేమో అన్నట్టు మాట్లాడింది. కెన్యా వెళ్లినప్పుడు స్థానిక పెద్దలు కట్టిన సోమాలీ దుస్తుల్లో ఒబామా ఫొటో ఫిబ్రవరిలోనే ఇంటర్నెట్ అంతా తిరిగింది. ఆయన చాటుమాటు ముస్లిం అనే ఈమెయిళ్లకి లెక్కలేదు. బ్లిట్ ఆ చెత్తనంతా ఒకే గదిలో సర్ది, చూడండి ఎంత బేవకూఫీగా ఉందో అన్నాడు. దురభిప్రాయానికి అద్దం పట్టామని ఎడిటర్ డేవిడ్ రెమ్నిక్ వివరణ ఇచ్చారు.

స్కూలంతా ఉర్దూ మీడియం, డిగ్రీలో స్పెషల్ తెలుగు తీసుకున్న విడ్డూరపు మనిషిని నేను. అలంకారశాస్త్రం క్లాసులో 'గంగలో పల్లె' అనే ఉదాహరణ నాకిప్పటికీ గుర్తు. నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి మనసు ఆ అర్థాన్ని వదిలేసి గంగ ఒడ్డుకి వెళ్తుంది. దాన్ని ముఖ్యార్థబాధ అంటారు. తంజ్‌కి కూడా అదే కావాలి. చూసినవాడికి 'ఇది కుదరదే' అని తట్టాలి. ఒబామా నిజంగానే చాటుమాటు ముస్లిం అని నమ్మేవాడికి ఏం తడుతుంది? వాడికి నీళ్లలోనే పల్లె కనిపిస్తోంది. వాడికది కార్టూన్ కాదు, ఫొటో. బొమ్మని తిట్టిన ఒబామా అభిమానుల భయం అదే. ఆ భయంలో న్యాయం ఉందని ఇప్పటికీ నా అభిప్రాయం.

కానీ అబ్బా అడిగింది అది కాదు కదా. జోకు అర్థమైనవాళ్లూ, కానివాళ్లూ ఒక విషయంలో కలిశారు. జెండా కాల్చడం, తుపాకీ, బిన్ లాడెన్ పటం, పగిడీ, జుబ్బా, అన్నీ ఒకే లిస్టు. మొదటి మూడూ ద్రోహానికి గుర్తులుగా పెట్టినవి. మిగతా రెండూ బట్టలు. మా మామూ సౌదీ నుంచి తెచ్చిన అలాంటి తోబ్ ఒకటి మా ఇంట్లో ఉండేది. ఈద్‌కి ఒకసారి తొడుక్కుంటే ఇంట్లోవాళ్లు షేక్ సాబ్ అని నవ్వారు, మళ్లీ తియ్యలేదు. ఆ తోబ్ తుపాకీ పక్కన ఎందుకుందని వాషింగ్టన్‌లో ఎవరూ అడగలేదు. హైదరాబాద్ డెస్కులో కూర్చున్న నేనూ అడగలేదు. పైగా అవమానం అని తెలుగులో సాఫ్‌గా ముద్ర వేసి పంపాను.

రెండ్రోజులకి ఒబామా లారీ కింగ్ టీవీ షోలో, నిజానికి ఇది అమెరికా ముస్లింలకి అవమానం, ఆ సంగతి మనం పెద్దగా మాట్లాడం అన్నారు. బాగానే అన్నారు. ఐతే అంతకు నెల ముందే డెట్రాయిట్ సభలో టీవీ కెమెరాలకి కనపడే చోట ఇద్దరు హిజాబ్ అమ్మాయిల్ని కూర్చోనివ్వలేదు ఆయన వాలంటీర్లు. తర్వాత ఆయనే ఫోన్ చేసి మాఫీ అడిగారు. అక్టోబర్లో మిన్నెసోటా సభలో ఒకావిడ లేచి ఒబామా అరబ్బు అంటే, మెక్‌కెయిన్ మైక్ తీసేసుకుని కాదమ్మా, ఆయన మంచి కుటుంబీకుడు అన్నారు. ఎంత షరాఫత్ అని లోకం మెచ్చుకుంది. అరబ్బు, మంచి కుటుంబీకుడు రెండూ ఒకే మనిషి కాకూడదా అని అడగాలనిపించింది నాకు.

ఆ అడగడం చివరికి కోలిన్ పావెల్ చేశారు. రిపబ్లికన్, మాజీ జనరల్, మాజీ విదేశాంగ మంత్రి. అక్టోబర్ 19 ఆదివారం టీవీలో ఒబామాకి మద్దతు ప్రకటించారు. ఆయన ముస్లిం కాదు, క్రైస్తవుడు, అది సరైన జవాబే, కానీ అసలు జవాబు 'ముస్లిం అయితే మాత్రం ఏంటి' అనేది అన్నారు. తననలా అనిపించిన ఫొటో గురించి కూడా చెప్పారు. ఆర్లింగ్టన్ శ్మశానంలో కొడుకు సమాధిరాయికి తల ఆనించి కూర్చున్న తల్లి. రాయి మీద శిలువ లేదు, నెలవంకా నక్షత్రం ఉన్నాయి. ఇరాక్‌లో 20 ఏళ్లకే చనిపోయిన సైనికుడు కరీం రషాద్ సుల్తాన్ ఖాన్. ఫొటో తీసింది ప్లాటన్. అచ్చయింది ఎక్కడనుకున్నారు? అదే న్యూయార్కర్‌లో, ఆ ముఖచిత్రం వచ్చిన రెండు నెలలకి.

ఆ రాత్రి కూడా నాదే డ్యూటీ. పావెల్ మద్దతు మొదటి పేజీకి వెళ్లిపోయింది, అది వేరేవాళ్లు రాశారు. ఈ ముక్క మాత్రం నేను విడిగా రాసి, షిఫ్ట్ ఇన్‌చార్జిని బతిమాలి నా పేజీలో పెట్టుకున్నాను. 'ముస్లిం అయితే తప్పేంటి?' అని హెడ్డింగ్. తెల్లారి నేనే అబ్బాకి ఫోన్ చేసి, పదో పేజీ తియ్యండి అన్నాను. కళ్లజోడు కోసం అమ్మీని కేకేయడం, కాగితాల గరగర వినిపించాయి. చాలాసేపు చదివారు.

"తూ లిఖ్యా?"

"హౌ అబ్బా."

"అచ్ఛా హై" అన్నారు. కాసేపు ఆగి, "వో దిన్ కా హెడ్డింగ్ బడా థా నా బేటా. యే ఛోటా హై."

నిజమే. అది నాలుగు కాలాలు. ఇది ఒకటే, టైర్ల ప్రకటన పక్కన.