డోలీ ముందు లైటు

పిఠాపురం కొట్లో టార్చిలైటు అడిగితే ముందు లూమెన్ల లెక్కే చెబుతారు. వెయ్యి అంటారు, రెండు వేలంటారు. మారేడుమిల్లి కొండల్లో మా దారులకి అంత అక్కర్లేదు. అడుగు చూసుకోడానికి 100 లూమెన్లు చాలు, తెల్లారేదాకా ఆరిపోకుండా వెలగాలంతే.

డోలీ మోసేవాడికి ఒక చెయ్యి బొంగు మీద, ఇంకో చెయ్యి ఊతకర్ర మీద ఉంటుంది. టార్చి నోట కరిచి మోసినవాళ్లని చూశాను. అందుకే తలకి కట్టుకునే లైటు కొన్నాను. దానికీ ఓ లోపముంది. వెలుగు కంటి పక్కనుంచే పడుతుంది గనక రాళ్ల నీడలు కనబడవు, గుంత కూడా చదునుగానే తోస్తుంది. పొగమంచులో అయితే ఎదురుగా తెల్లగోడే. అప్పుడు తీసి నడుముకి కట్టుకోవాలి.

చినుకులకి ఐపీఎక్స్4 సరిపోతుంది. వాగులు దాటేవాళ్లు ఐపీఎక్స్7 చూడండి, మీటరు లోతు నీళ్లలో అరగంట ఆగుతుంది. కరెంటు నిలకడలేని ఊళ్లకి ఒట్టి ఛార్జింగు లైటు వద్దు. సంతలో దొరికే పెన్సిల్ సెల్స్‌తో వెలిగేదే నయం.

ఎర్ర లైటు కూడా ఉంటే ఆగినచోట అదే వెయ్యండి, చీకటికి అలవాటైన కళ్లు చెదరవు. రోగి ముఖం పాలిపోయిందో లేదో మాత్రం ఎర్ర వెలుగులో తెలీదు. దానికి తెల్లదే వెయ్యాలి.