కదలని బస్సు

ముప్పయి యేండ్లు పాఠాలు చెప్పిన పిమ్మట, నిరుడు మదరసా గదులు ఖాళీ చేయవలసి వచ్చింది. మాకు మిగిలినవి పుస్తకాల పెట్టెలు. వడ్డీ రుణంతో ఇల్లు కట్టుకోవడం మా వల్ల కాని పని. శాంతిపురంలో మా బావమరిది తోట అంచున నిలుపుకొనేందుకు ఒక పాత బస్సు కొన్నాము.

“బస్సులో కాపురమా? అమ్మాయి పిల్లలతో వస్తే ఎక్కడ పడుకుంటుంది?” అన్నారు మా శ్రీమతి. 2020లో ఆర్టీసీ బస్సులే ‘సంజీవని’ పేరుతో కరోనా పరీక్షా కేంద్రాలైన సంగతి గుర్తుచేశాము. “పరీక్ష చేయించుకొని ఎవరిళ్ళకు వారు వెళ్ళారు గదా!” అన్నారామె. మా వద్ద జవాబు లేదు.

సీట్లు ఊడదీస్తే అడుగున చెక్కలు పుచ్చి, ఇనుము తుప్పెక్కి కనిపించింది. తుప్పు గోకి, రెడ్ ఆక్సైడ్ పూసి, కొత్త పలకలు పరిచే సరికి రెండు నెలలు పట్టింది. టైర్లపై బరువు పడకుండా చట్రం కింద దిమ్మెలు పెట్టించాము. రేకు వేడికి పైన కొబ్బరి మట్టల పందిరి. ఇంజను తుక్కు కింద అమ్మివేశాము గనుక, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా రవాణా అధికారులకు తెలియజేశాము.

బస్సు ముఖం పడమరకు, కాస్త వాయవ్యానికి ఉండాలని మాత్రం పట్టుబట్టాము. ఖిబ్లా కుదిరింది. నడవలో ముందు మేము, వెనుక ఆమె నమాజుకు నిలుస్తాము.

మొన్న అమ్మాయి వచ్చింది. చోటు చాలక మేము పందిరి పక్కన మంచం వేసుకున్నాము. తెల్లవారి చూస్తే మనవడు స్టీరింగు తిప్పుతున్నాడు. పక్కన ఖాళీ ఇంజను పెట్టె మూతపై కూర్చొని మా శ్రీమతి, “మదనపల్లెకు రెండు టికెట్లు” అంటున్నారు.