కొళత్తూరు చేపల వీధిలో

మా నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళేవాళ్ళు పెళ్ళిచీరల కోసం వెళతారు, పెద్ద డాక్టర్ల కోసం వెళతారు, విమానం ఎక్కడానికి వెళతారు. 1996 లో ఆ ఊరి పేరు చెన్నై అయింది కాని, మా నోటికి ఇంకా మద్రాసే. కిందటి కార్తికమాసంలో ఒక ఆదివారం నేనూ వెళ్ళాను. నాకు చీరలు అక్కరలేదు. నా ఒంట్లో నలతా లేదు. జబ్బుపడింది మా ఇంటి చేప.

దసరాల్లో మా అమ్మాయి పుట్టినరోజుకు ఒక గాజు తొట్టీ, అందులో ఐదు గోల్డు ఫిష్‌లూ కొన్నాను. తెలుగు మాస్టారి కూతురు గనుక వాటికి పంచపాండవుల పేర్లు పెట్టింది. పన్నెండో రోజున సహదేవుడు వెల్లకిలా తేలాడు. మూడు రోజులకు నకులుడు. నీళ్ళు మురికిగా ఉన్నాయి కాబోలుననుకొని నేను నడుం బిగించాను. నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళూ ఫిల్టరులోని స్పాంజీ కుళాయి కింద పట్టి బరబరా తోమి, కొత్త నీళ్ళు నిండా పోశాను. తొట్టి అద్దంలా మెరిసింది. మర్నాడు తెల్లవారేసరికి భీమార్జునులిద్దరూ లేరు.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ‘‘వేళాపాళా లేకుండా మేత పోసి నువ్వే చంపావు’’ అని పదేళ్ళ పిల్లను కేకలేశాను. అది మారు మాట్లాడలేదు. ఆనాటినుంచి తొట్టి ఛాయలకు కూడా రావడం మానేసింది. మిగిలిన ధర్మరాజు ఒంటిమీద వారం తిరక్కుండా తెల్లటి చుక్కలు కనిపించాయి.

మా అక్కయ్యగారిది పెరంబూరు. బావగారు అక్కడి రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఫోనులో సంగతి విని అక్కయ్య నవ్వింది. ‘‘చేపల జబ్బుకు నెల్లూరులో కూచుని ఏడిస్తే ఏం లాభంరా? మా పక్కనే కొళత్తూరు. అక్కడ చేపలు తప్ప మరో మాట ఉండదు. రా!’’ అంది.

సెంట్రల్లో దిగేసరికి ముసురు పట్టింది. లోకల్ రైళ్ళు ఆగేచోట ఇప్పుడున్న పెద్ద భవనానికి మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని పేరు. అసలు మూర్ మార్కెట్ 1985 లో కాలిపోయింది. మా నాన్నగారు అక్కడ పాతపుస్తకాలు కొన్న కథలు చెప్పేవారు. పుస్తకాలే కాదు, పక్షులూ, పెంపుడు జంతువులూ కూడా అక్కడ అమ్మేవారట. ఇప్పుడు చేపలకోసమైతే ఊరికి వాయవ్యంగా, విల్లివాక్కం దాటి కొళత్తూరు చేరాలి.

అక్కడి వీధి చూస్తే కళ్ళు చెదురుతాయి. రెండువైపులా అంగళ్ళే. అరుగులమీద గాజు తొట్లు, వాటిమీద మళ్ళీ తొట్లు. గప్పీలు, మోలీలు, ఏంజెల్‌లు, కోయిలు; ఒక్కొక్క గాజుసీసాలో ఒంటరి పహిల్వానులా ఫైటరు చేపలు. పక్క సందుల్లో సిమెంటు తొట్లలో వాటి పెంపకం. చేపల్ని నీళ్ళతోబాటు ప్లాస్టిక్ సంచుల్లో వేసి, పైన ఆక్సిజన్ నింపి, టకటకా రబ్బరుబ్యాండ్లు బిగించి కట్టేవాళ్ళ వేగం పూలమాల కట్టేవాళ్ళకు కూడా రాదు. ఆ సంచులు రైళ్ళూ బస్సులూ ఎక్కి ఊళ్ళకు ఊళ్ళు వెళతాయి. వాన చినుకులు, మోటార్ల బుడబుడలు, అరవం, మధ్య మధ్య తెలుగు. ఆ వీధిలో గొడుగులు తగలకుండా నడవడమే ఒక విద్య.

బావగారు నన్నొక పాత అంగడికి తీసుకువెళ్ళారు. యజమానికి డెబ్బై దాటి ఉంటాయి. తల్లిది పుత్తూరు వైపట. తెలుగు చక్కగా మాట్లాడతాడు. నేను దర్జాగా, ‘‘నాలుగు గోల్డు ఫిష్‌లూ, తెల్లచుక్కల జబ్బుకు మంచి మందూ కావాలి’’ అన్నాను.

‘‘మీ తొట్టి ఎంత సార్?’’

‘‘చిన్నదే. చూడముచ్చటగా ఉంటుంది.’’

‘‘ముచ్చట కాదు సార్, అంగుళాలు చెప్పండి.’’

పద్దెనిమిది పొడుగు, పది వెడల్పు, పన్నెండు ఎత్తు అని చెప్పాను. ఆయన కాగితం అక్కరలేకుండానే లెక్క కట్టాడు. సెంటీమీటర్లలో మూడు కొలతలూ గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయట. అంచువరకూ పోసినా 35 లీటర్లే. ‘‘ఒక్క గోల్డు ఫిష్‌కే డెబ్బై ఎనభై లీటర్లు ఉండాలి. మీరు ఐదు వేశారు. ఇప్పుడు ఇంకో నాలుగు అడుగుతున్నారు. నేను అమ్మను సార్’’ అన్నాడు.

అంగడికి వచ్చినవాడికి సరుకు అమ్మననే వ్యాపారిని నేనదే మొదటిసారి చూడటం. తెల్లబోయాను. ఆయన స్టూలు జరిపి కూచోమని, డాక్టరు నాడి పట్టినట్టు ప్రశ్నలు మొదలుపెట్టాడు. తొట్టి పెట్టి ఎన్నాళ్ళయింది? చేపలు ఏ వేళప్పుడు పైకి వచ్చి నోళ్ళు తెరిచాయి? రాళ్ళకు ఒళ్ళు రాసుకున్నాయా? నీళ్ళు ఎప్పుడు మార్చారు, ఎన్ని మార్చారు? నేను నీళ్ళన్నీ పారబోసి తోమిన సంగతి చెప్పగానే కళ్ళు మూసుకొని, ‘‘అయ్యో!’’ అన్నాడు.

ఆయన విప్పి చెప్పిన విషయం ఇది. చేపలు మొప్పలద్వారా అమ్మోనియా విసర్జిస్తాయి; మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. కంటికి నీరు తేటగానే ఉంటుంది గాని, చేపకది విషం. దాన్ని తిని బతికే సూక్ష్మజీవులు కొన్ని దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే, చేప రక్తాన్ని గోధుమరంగుకు తిప్పి ఊపిరాడకుండా చేస్తుంది. మరికొన్ని జీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. ఇది చాలావరకు నిరపాయం. వారం వారం కొంత నీరు మారిస్తే పోతుంది. ఈ జీవులు రాళ్ళమీదా, ఫిల్టరు స్పాంజిలోనూ కాపురం పెట్టి చాలినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే కొత్త తొట్టిలో చేపలు మొదటి నెలలోనే ఎక్కువగా పోతాయి.

‘‘నకులసహదేవులు పోయింది అందుకు. మిగిలిన ఇద్దరికీ మీరు చేసింది రెండు రకాల అపకారం సార్. అప్పుడప్పుడే కాపురం పెట్టిన జీవుల్ని తోమి చంపారు. పైగా కుళాయినీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. అది మొప్పల్ని కాల్చేస్తుంది’’ అన్నాడు.

నేను కేకలేసిన రోజు పిల్ల ముఖం నా కళ్ళముందు కదిలింది. మేత కాస్త ఎక్కువే వేసి ఉండవచ్చు. కాని ఒక్క రాత్రిలో రెండింటిని తీసింది నా శుభ్రత.

సెల్‌ఫోనులో ధర్మరాజు ఫొటో చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి పెద్దది చేసి చూశాడు. తెల్లగా కనిపించేదల్లా ఒకే జబ్బు కాదట. మొప్పల కప్పుమీదా, ముందురెక్కల అంచునా మాత్రమే చుక్కలు వరుసగా ఉంటే అది జబ్బే కాదు. మగచేప పెళ్ళికి సిద్ధమైందని గుర్తు. ‘‘దానికి మందు పోసి చంపినవాళ్ళను చూశాను సార్!’’ దూదిపింజలా అంటుకొని ఉంటే బూజు కావచ్చు, బాక్టీరియా కావచ్చు. అలాంటి బాక్టీరియా ఒకటి వేడినీళ్ళలో ఇంకా విజృంభిస్తుంది గనుక, గుర్తు తెలియకుండా నీరు వేడిచేయకూడదు. రెక్కల అంచులు చిరిగి తరిగిపోతుంటే ముందు నీటిని అనుమానించాలి. ఒళ్ళు ఉబ్బి పొలుసులు ముళ్ళలా లేచి నిలబడితే లోపలి అవయవాలు చెడ్డాయని అర్థం. అది చాలావరకు చేయిదాటిన స్థితి.

ధర్మరాజుకు మాత్రం ఒళ్ళంతా, తోకమీద కూడా, సన్న ఉప్పు చల్లినట్టున్నాయి చుక్కలు. అదే తెల్లచుక్కల జబ్బు. ఒక పరాన్నజీవి చర్మంలో దూరి చుక్కలా పెరుగుతుంది; పండి రాలి అడుగున చేరి వందల పిల్లలవుతుంది; అవి ఈదుకొచ్చి మళ్ళీ చేపను పట్టుకుంటాయి. చర్మంలో ఉన్నంతసేపు మందు దాని జోలికి పోలేదు. ఈదే పిల్లలమీదే పనిచేస్తుంది. అందుకని చుక్కలు రాలగానే మందు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. మన ఊళ్ళ వెచ్చదనంలో ఈ చక్రం వారంలోపే తిరుగుతుంది గనుక, రెండు వారాలు ఓపిక పట్టాలి.

‘‘మందేమిటి మరి?’’ అన్నాను, అరలోని నీలం సీసాలవైపు ఆశగా చూస్తూ.

‘‘మీ వంటింట్లోనే ఉంది. కల్లుప్పు’’ అన్నాడు. లీటరుకు రెండు గ్రాముల లెక్కన, విడిగా కరిగించి, ఒక రోజంతా విడతలు విడతలుగా పోయాలి. గాలి మోటారు ఆగకూడదు. రోజూ కొద్దిగా నీరు మార్చి, తీసిన నీటికి తగ్గ ఉప్పే మళ్ళీ కలపాలి. ఇది గోల్డు ఫిష్ ఓర్చుకుంటుంది గాని, అన్ని చేపలూ, మొక్కలూ ఓర్చుకోవు. నీలం మందులు కొన్ని ఆ మంచి జీవుల్ని కూడా చంపుతాయి. రెండు మూడు మందులు కలిపి పోయడమంటే, ఏ జబ్బో తెలియక అన్ని మాత్రలూ ఒకేసారి మింగించడమే.

తరవాత వెనకగదికి తీసుకువెళ్ళాడు. అక్కడి తొట్లలో ఉన్నవి అమ్మకానికి కావు. కొత్తగా వచ్చిన సరుకును మూడు వారాలు అక్కడే విడిగా ఉంచుతాడు. వాటి వలలు వేరు, బకెట్లు వేరు. ‘‘చూసేందుకు బాగున్న చేపే జబ్బు మోసుకొస్తుంది సార్. మీ ఇంట్లో కూడా కొత్త చేపను నేరుగా పాతవాటిలో కలపకండి’’ అన్నాడు.

‘‘ఇలా అందరినీ వెనక్కి పంపితే మీ వ్యాపారం ఎలా సాగుతుంది?’’ అని అడిగేశాను.

‘‘చేప చచ్చినవాడు నాలుగుసార్లు కొంటాడు. ఐదోసారి తొట్టి అటకెక్కిస్తాడు. చేప బతికినవాడు ఇరవై ఏళ్ళు వస్తాడు’’ అన్నాడాయన.

చివరికి అమ్మినవి మూడే: అమ్మోనియా, నైట్రైటు పరీక్షించే చిన్న పెట్టె, క్లోరిన్ విరగడానికి ఒక సీసా, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ మోటారు. ఆ సీసాలోది పూర్వం ఫొటోలు కడిగేవాళ్ళు హైపో అని వాడిన సోడియం థయోసల్ఫేటే. డబ్బు తీసుకోకుండా ఇచ్చింది ఒకటుంది. మూడు నెలలుగా కొత్త చేప ఎరగని తొట్టిలోంచి ఒక మడ్డి స్పాంజి తీసి, అదే నీళ్ళతో గాలి ఉండేట్టు సంచిలో కట్టి ఇచ్చాడు. ‘‘సాయంత్రానికల్లా మీ తొట్టిలో పడాలి. ఇందులో నాలుగు వారాల పని ఉంది సార్’’ అన్నాడు. పెరుగుకు తోడు అడిగి తెచ్చుకున్నట్టు ఆ సంచిని ఒళ్ళో పెట్టుకొని రైలెక్కాను.

గూడూరు వచ్చేదాకా నా మనసు భాగవతంలోనే ఉంది. పోతనగారి అష్టమ స్కంధంలో సత్యవ్రతుడు ద్రవిడదేశపు రాజే. దోసిట్లోకి వచ్చిన చిన్న చేపను కమండలంలో పెడతాడు. తెల్లవారేసరికి అది చాలదంటుంది. ఇంకొంచెం పెద్దచోటికి మారుస్తాడు, అదీ చాలదంటుంది. చివరకు సముద్రందాకా మోయాలి. పద్ధెనిమిదేళ్ళుగా తరగతిలో ఈ ఘట్టం చెబుతున్నాను. విష్ణుమాయ అని చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణే గాని, చేప అడిగిన మాట దగ్గర ఒక్కనాడూ ఆగలేదు. ఆ రాజు చేపను అడిగి, విని, చోటు మార్చాడు. నేను ఐదింటిని 35 లీటర్లలో పెట్టి చూడముచ్చటగా ఉందన్నాను.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. అమ్మాయి సంచివైపు చూసి, అందులో చేప లేదని గ్రహించి ముఖం తిప్పుకుంది.

‘‘అమ్మలూ, భీమార్జునుల్ని చంపింది నువ్వు కాదు. నేను కడగడంవల్ల పోయాయి. తెలియక నిన్ను తిట్టాను. తప్పు నాది’’ అన్నాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

పిల్ల చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత తొట్టి దగ్గరికి వచ్చి, అద్దానికి ముక్కు ఆనించి, ‘‘ఉప్పు ఎంత వెయ్యాలి నాన్నా?’’ అంది.

30 లీటర్ల నీళ్ళకు 60 గ్రాములు. త్రాసు పెట్టి తూచింది అదే. రోజూ నీళ్ళు పరీక్షించి నోటుపుస్తకంలో రాసింది. రెండు నిమిషాల్లో తినగలిగినంతకన్న మేత వేయనివ్వలేదు నన్ను. ఐదో రోజుకు చుక్కలు రాలాయి. పధ్నాలుగో రోజువరకూ ఉప్పు నీళ్ళు అలాగే ఉంచాము. సంక్రాంతికి మూడడుగుల తొట్టి వచ్చింది. కొళత్తూరునుంచి తెచ్చిన మరో రెండు చేపలు పాత తొట్టిలో మూడు వారాలు విడిగా ఉండి, ఆ తరవాతే ధర్మరాజును కలుసుకున్నాయి. నా పని వారానికోసారి నాలుగోవంతు నీరు మార్చడం, స్పాంజిని తీసిన నీళ్ళలోనే మెల్లగా పిండటం. తోమడం మాత్రం నిషేధం.

ఒక్క మాట. చేపలమీద మోజు తీరినా, పెరిగి బరువైనా, వాటిని చెరువులో వదలకండి. తొట్లు శుభ్రం చేస్తుందని కొనే సక్కరు చేప అలా చెరువులకూ కాలవలకూ చేరి, మన జాలరుల వలలు చింపుతోంది. అమ్మిన అంగడికో, పెంచుకునేవాళ్ళకో ఇచ్చేయండి.

కొళత్తూరు వెళ్ళేవాళ్ళు కార్తికంలో గొడుగు మరిచిపోవద్దు. తొట్టి కొలతలూ, నీళ్ళు మార్చిన తేదీలూ కాగితంమీద రాసుకొని మరీ వెళ్ళండి. అక్కడి పెద్దాయనలాంటి వాళ్ళు ముందు అడిగేవి అవే.