షహర్‌జాద్ లేని దాస్తాన్

షహర్‌జాద్ పేరు మీద యూరప్‌లో ఒక మశ్‌హూర్ బ్యాలే ఉంది. అందులో షహర్‌జాద్ ఉండదు.

ఉర్దూ మీడియం బడిలో చదివిన మాకు అలిఫ్ లైలా అంటే మొదట గుర్తొచ్చేది ఆమే. బాద్షా షహర్యార్‌కి బేగం మీద నమ్మకం పోయి ఆమెని చంపించాడు. ఆ తర్వాత రోజుకో పిల్లని నికా చేసుకోవడం, తెల్లారగానే ఖతల్ చేయించడం. వజీర్ కూతురు షహర్‌జాద్ తనంతట తానే ఆ ఇంట్లో కాలుపెట్టింది. చేతిలో తల్వార్ లేదు, నోట్లో జబాన్ ఉంది. రాత్రంతా కథ చెప్పి, సరిగ్గా సుబహ్ వేళకి మధ్యలో ఆపేది. మిగతాది వినాలంటే బాద్షా ఆమెని ఇంకో రోజు బతకనివ్వాలి. అలా వెయ్యిన్నొక్క రాత్రులు.

బ్యాలే రూస్ అనే రష్యన్ నాట్యబృందం 1910 జూన్ 4న పారిస్‌లో ఆడిన ‘షెహెరజాద్’లో ఇవేవీ లేవు. ఆమె రాకముందు జరిగిన ముక్క ఒక్కటే తీసుకున్నారు. బాద్షా షికారుకి వెళ్ళినట్టు నటిస్తాడు. జనానాలో ఆడవాళ్ళు ఖోజాకి లంచమిచ్చి గులాముల తలుపులు తీయిస్తారు. బాద్షా తిరిగొచ్చి అందరినీ నరికిస్తాడు. బేగం జొబేదా కత్తితో పొడుచుకుంటుంది. పర్దా పడుతుంది. బృందాన్ని నడిపింది ద్యాగిలెవ్, నాట్యం కూర్చింది ఫోకిన్, బంగారు గులాముగా ఆడింది నిజిన్‌స్కీ. సంగీతం మాత్రం 1888లో రిమ్‌స్కీ కోర్సకోవ్ రాసినది. ఆయన సంగీతంలో షహర్‌జాద్ ఉంది. ఒంటరి వయొలిన్ మళ్ళీ మళ్ళీ వచ్చి కథ అందుకుంటుంది, అది ఆమె గొంతు. అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్ళయింది. ఆ సంగీతాన్ని ఇలా వాడుకోవడం మీద ఆయన భార్య అభ్యంతరం చెప్పింది.

పారిస్ జనానికి కథతో పనిలేదు. వాళ్ళ నజర్ అంతా బక్‌స్త్ గీసిన లిబాస్ మీద. ఆకుపచ్చ పక్కన నారింజ, నీలం పక్కన ఎరుపు, వదులు షల్వార్లు, ముత్యాల దండలు. అప్పటి యూరప్ ఆడవాళ్ళు నడుముని పుల్లలతో, తాళ్ళతో బిగించే కోర్సెట్లలో బతికేవాళ్ళు. పాల్ పొయరె అనే దర్జీ అప్పటికే కోర్సెట్ లేని గౌన్లు కుట్టి పేరు తెచ్చుకున్నాడు. లండన్ మ్యూజియంలో హిందుస్తానీ తలపాగాలు చూసి వాటికి నకళ్ళు కూడా చేయించాడు. 1911లో షల్వార్‌లాంటి పాంట్లు తెచ్చాడు. అవి వేసుకుని గుర్రప్పందాలకి వెళ్ళిన ఆడవాళ్ళని జనం చుట్టుముట్టి గేలి చేశారు. రెండేళ్ళకి, గొడుగులా విచ్చుకునే అంచున్న కుర్తీ ఒకటి ఆయన చేతి మీదుగా ఫ్యాషనయింది. దాని పేరు ‘మినారెట్’. మన మస్జిద్ మినార్, పారిస్‌లో గౌను పేరు!

ఆ 1911లోనే జూన్ 24 రాత్రి పొయరె తన ఇంట్లో ‘వెయ్యిన్ని రెండో రాత్రి’ అని పెద్ద దావత్ ఇచ్చాడు. మూడొందల మంది మెహమాన్లు. ఈరానీ వేషం లేనివాళ్ళకి గేటు దగ్గరే బట్టలిచ్చి మార్పించారు. ఆయన సుల్తాన్ వేషంలో కొరడా పట్టుకుని కూర్చున్నాడు. భార్య డెనిజ్‌ని బంగారు పంజరంలో పెట్టి తాళం వేశాడు. మెహమాన్లు వచ్చాక తలుపు తీసి వదిలాడు. ఆ రాత్రికీ షహర్‌జాద్ కథే పేరిచ్చింది. కథ చెప్పేది మాత్రం కానరాదు. పంజరంలో పిట్టే ఉంది.

ఇన్సాఫ్‌గా ఒకటి చెప్పాలి. కోర్సెట్ విప్పేసిన ఆడవాళ్ళకి ఆ బట్టలు నిజంగా ఊపిరినిచ్చాయి. అయితే ఏ ఆడవాళ్ళ పేరు చెప్పి ఆ వదులు బట్టలు అమ్మారో, వాళ్ళకి స్టేజి మీద మిగిలింది పడుకోవడం, మోసం చేయడం, చావడం. ఆ తస్వీర్ నూరేళ్ళుగా సినిమాల్లోంచి, కార్టూన్లలోంచి తిరుగుతూ మా అమ్మాయి కాలేజీ దాకా వచ్చింది. షల్వార్, దుపట్టా చూడగానే "మీ ఇంట్లో నిన్ను మాట్లాడనిస్తారా?" అని ఎవరో అడిగారట. అది వచ్చి చెప్పి, గంటసేపు ఆపకుండా మాట్లాడింది.

అసలు మా పాలకొల్లులో మా నానీ ఒక్కరోజు కూడా షల్వార్ తొడగలేదు. ఆమెది గోదారి జిల్లా చీర, బయటికెళ్తే పైన బురఖా. యూరప్ ఊహించుకున్న ముస్లిం ఔరత్ ఈ డెల్టాలో ఎన్నడూ లేదు.

ఉన్నది లేసు. ఆ కాలంలో యూరప్ బట్టలకి పాలకొల్లు, నరసాపురం ప్రాంతం నుంచి వెళ్ళిన సామాను అది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని, 20వ శతాబ్దం మొదట్లో బేపారంగా మారి ఓడలెక్కింది. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద దళిత ఆడవాళ్ళు. తర్వాత ఘోషా పాటించే కాపు ఇళ్ళల్లోకీ వెళ్ళింది. గోషా అంటే ఫార్సీలో మూల. మన మాటే వాళ్ళ ఇళ్ళల్లోకి వెళ్ళి ఘోషా అయింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం వచ్చి ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి 1982లో పుస్తకం రాసింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటల పని, కూలీకి పోతే వచ్చేదానికన్నా తక్కువ మజ్దూరీ. అయినా లోకం లెక్కలో వాళ్ళు కారీగర్లు కారు, ఖాళీ టైములో లేసు అల్లుకునే గృహిణులు.

మా ఖాలా కూడా అల్లింది. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లింది మళ్ళీ తూచి పట్టుకెళ్ళేవాడు. పువ్వులు అల్లడం ఒకరిది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. ఆ బల్లగుడ్డ ఏ దేశంలో ఏ బల్ల మీద పరిచారో ఇద్దరికీ తెలియదు. ఆమె సూది ఆపకుండానే మాకు పైగంబర్ల కిస్సాలు చెప్పేది. లాంతరు వెలుగులో పట్టుకున్న సూది, నలభై దాటకముందే ఆమెకి కళ్ళద్దాలు తెచ్చిపెట్టింది. అన్నేళ్ళు అల్లిన ఇంట్లో ఇవాళ ఒక్క లేసు ముక్క లేదు. తూకానికి తగ్గకూడదు కదా, అంతా వెళ్ళిపోయింది.

2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. ఊరి పేరు సరుకు మీద పడింది. ముబారక్. చేతుల పేర్లు ఇంకా పడలేదు.

మీ ఇంట్లో లేసు అల్లిన నానీలు, దాదీలు, ఖాలాలు ఉంటే ఈ జుమ్మాకి వాళ్ళ పక్కన కూర్చోండి. కట్ట దారానికి ఎంత ఇచ్చేవాళ్ళు, మొదటి పువ్వు ఎవరు నేర్పారు, ఆ పైసలు ఎక్కడ దాచారు, ఎవరి ఫీజుకి కట్టారు, అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాసిపెట్టండి. ఉర్దూలోనైనా సరే, తెలుగులోనైనా సరే.