చిన్నాయన ఎందుకు రాలేదు?

మా ఇంట్లో 30 ఏళ్లుగా ఎవరూ పైకి అడగని ప్రశ్న ఒకటుంది. 1994లో సూరత్ నుంచి చిన్నాయన ఎందుకు రాలేదు?

ఆ సెప్టెంబర్‌లో అక్కడ న్యుమోనిక్ ప్లేగు వార్త బయటపడగానే లక్షల మంది నగరం విడిచి పారిపోయారు. దొరికిన రైలెక్కి సిరిసిల్ల చేరినవారిలో మా చిన్నమ్మ, ఆమె ఇద్దరు పిల్లలు ఉన్నారు. చిన్నాయన లేడు. నాకప్పుడు ఎనిమిదేళ్లు. వాళ్లను చూసి మా వాడకట్టులో తలుపులు మూసుకోవడం గుర్తుంది. అప్పటికే మంచం పట్టిన నాయనమ్మ బస్సు వేళకల్లా గుమ్మం వైపు చూసేది. పది రోజులకు కన్నుమూసింది. చిన్నాయన పెద్దకర్మ కూడా అయిపోయాక వచ్చాడు. ‘‘తల్లికన్నా సాంచాలు ఎక్కువైనయారా?’’ అన్నాడు బాపు. ఆ తర్వాత అన్నదమ్ములు పెళ్లిళ్లలో, చావుల్లో కలిశారు. అంతకు మించి మాటల్లేవు.

రాజనీతి శాస్త్రంలో ఎంఏ చేస్తున్నప్పుడు సూరత్ నాకు మరోలా ఎదురైంది. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన తెలుగువాడు ఎస్.ఆర్. రావు అధికారులను గదుల్లోంచి వీధుల్లోకి నడిపించి, చెత్తకుప్పల నగరాన్ని దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలబెట్టిన తీరును పరిపాలనా పాఠంగా చదివాను. పరీక్షలో రాశాను కూడా. ఆ పాఠంలో చిన్నాయనలాంటి వాళ్లెవరూ లేరు.

ఈమధ్య పని మీద సూరత్ వెళ్లి, లింబాయత్‌లోని ఆయన ఇంట్లో దిగాను. ఆ రోజు నూలి పున్నమి. మార్కండేయుడిని కులదైవంగా కొలిచే మా పద్మశాలీలకు అది జంధ్యాలు మార్చుకునే రోజు, నూలు పోగు చేతికి కట్టుకునే రోజు. పూజ అయ్యాక ఒక ముసలాయన వచ్చాడు. ఒడిషాలోని గంజాం నుంచి వచ్చి సాంచాల మీద బతికిన మనిషి. చిన్నమ్మ ఆయన చేతికి నూలు కట్టి, పళ్లెంలో బక్ష్యాలు పెట్టింది. ఇంట్లో పిల్లలు ఆయన్ను ‘మామా’ అంటున్నారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది మాత్రం గుజరాతీ.

ఆయన వెళ్లాక, రాత్రి డాబా మీద, చిన్నాయనను ఆ ప్రశ్న అడిగేశాను.

‘‘ఆయనే కారణం’’ అన్నాడు. అందరూ పారిపోయిన ఖార్ఖానాలో ఆయనొక్కడే జ్వరంతో పడి ఉన్నాడట. పక్కనున్నవాళ్లు తాకడానికి భయపడ్డారు. ‘‘నేనూ భయపడ్డా. సంచి సర్దుకుని రోడ్డు దాకా పోయి మళ్లొచ్చిన. చిన్నప్పటి నుంచి మార్కండేయుని కథ విన్నం. యముడు పాశం వేస్తే శివలింగాన్ని పట్టుకుని వదలని పిలగాడు. ఆ రోజు వాడు నా చెయ్యి అట్లనే పట్టుకున్నడు.’’

చిన్నాయన ఆయన్ను ఆసుపత్రికి చేర్చాడు. మందుల దుకాణాల్లో దొరకని టెట్రాసైక్లిన్ కోసం తిరిగాడు. అంతలో, అమ్మకు బాగాలేదని ఎస్టీడీ బూత్‌కు కబురొచ్చింది. ‘‘ఆ రోగాన్ని అమ్మ మంచం దాకా మోసుకుపోవాల్నా? పోకుంటే కొడుకునెట్ల అయిత? తేల్చుకునేలోగానే అంతా అయిపోయింది.’’

‘‘మరి బాపుకు ఎందుకు చెప్పలేదు?’’

‘‘చెప్తే సాకనుకుంటడు. అమ్మ విషయంలో తప్పు చేసిన. ఆయన విషయంలో చెయ్యలేదు. ఒకటి చెప్పి రెండోది మాఫీ చేయించుకోబుద్ధి కాలేదు.’’

ఊరు వదిలినవాడు ఊరిని మరచిపోతాడని మేం తేలిగ్గా అనేస్తాం. చిన్నాయన ఏదీ మరచిపోలేదు. అంతకుముందు గుడిలో తన ఇల్లు చల్లగా ఉండాలని మొక్కేవాడట. ప్లేగు తర్వాత గుడికి వెళ్లేముందు వీధిలో ఎవరికి జ్వరమో, ఎవరికి పనిలేదో కనుక్కోవడం అలవాటైంది. 2006 ఆగస్టులో తాపీ వరదకు నగరంలో ఎక్కువ భాగం మునిగినప్పుడు వంట గిన్నెలు మోసినవారిలో ఈ ఇద్దరూ ఉన్నారని చిన్నమ్మ చెప్పింది. ఆమె ఇదంతా ఏ ఫిర్యాదూ లేకుండా చేసిందేమీ కాదు. ‘‘నన్ను, పిల్లలను ఒంటరిగా రైలెక్కించిండు. ఆ కోపం ఇప్పటికీ ఉంది’’ అంది. కానీ ఏటా నూలు కట్టేది ఆమే.

సిరిసిల్ల వచ్చి బాపుకు అంతా చెప్పాను. చిన్నాయన పంపిన నూలు పోగు చేతికిచ్చాను. కట్టుకోలేదు. అలా పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

‘‘ఆ ఒరియా ఆయన మంచిగున్నడా?’’ అని అడిగాడు చివరికి.