సుబ్బారావు గారి పద్ధతి

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ల్యాబులో ఫాస్ఫరస్‌ను కొలవడానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఒకటి నేర్పుతారు. 1925 నాటిది. ద్రావణం నీలిరంగుకు తిరుగుతుంది, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క కడతాం. ఆ సుబ్బారావు గారే 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కిన మనిషి! (తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.)

ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. విరేచనాలు తగ్గవు, తిన్నది ఒంటపట్టదు, రక్తం పలచబడుతుంది. ఆయన అమెరికా వెళ్ళి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఏటీపీని కనుగొని 1929లో ప్రకటించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. మన కణాలు ఏ పని చేయాలన్నా ఖర్చుపెట్టేది ఈ ఏటీపీనే.

మా బ్యాచ్‌లో కొల్లేటి లంక నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు. వాళ్ళ ఊళ్ళో చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం డబ్బా కొనుక్కోవాలి. వాడికి నెలలో సగం రోజులు కడుపు బాగుండేది కాదు. స్టడీ అవర్లో పుస్తకం మీదే తల వాల్చేవాడు. సోమరిపోతని పేరు పడింది. ఒక మాష్టారు రోజూ బెంచీ ఎక్కించేవారు. ఎనిమిదో తరగతిలో సంక్రాంతికి ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఇప్పుడు చేపల చెరువు మీద కాపలా ఉంటున్నాడు.

పేగు లోపలి గోడకు చూషకాలుంటాయి. మురికి నీటి వల్ల మాటిమాటికీ జబ్బు చేస్తే అవి పొట్టివైపోతాయి. ఇనుము, బి విటమిన్లు, ఫోలిక్ ఆమ్లం సరిగా లోపలికి రావు. అవి లేకపోతే కణంలోని మైటోకాండ్రియా ఏటీపీ తయారుచేయడం కష్టం. పేగు కణం ఆహారాన్ని పీల్చుకోవడానికీ మళ్ళీ ఏటీపీయే కావాలి. కరెంటు లేక మోటారు ఆడదు, మోటారు ఆడక చేను తడవదు. మేత వేసినా చేప ఎదగకపోతే మన రైతు చేపను తిట్టడు కదా, ముందు నీళ్ళు చూస్తాడు.

సుబ్బారావు గారి బృందం 1945లో లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది పనిచేసింది. అప్పటికి సోదరులు పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

ఏలూరు, తాడేపల్లిగూడెం హాస్టళ్ళలో లంక పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగించండి, డాక్టరు రాసిన జింకు మాత్రలు పద్నాలుగు రోజులూ మింగించండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

ఈ ఏడు ఆరో తరగతిలో అలాంటివాడే ఒకడు చేరాడు. వార్డెన్ గారితో చెప్పి రక్తపరీక్ష చేయించాం. డాక్టరు రాసిన మందుల్లో ఫోలిక్ ఆమ్లం ఉంది. మూడో వారం నడుస్తోంది. స్టడీ అవర్లో ఇంకా కునుకు తీస్తూనే ఉన్నాడు. లేపవద్దని ట్యూటరు గారిని అడిగాం.